ఆకాశం మీద నెపం వెయ్యని దమయంతక్క

మా దమయంతక్క కన్నుమూసింది. ఈ వార్త నాకు పాత సహోద్యోగుల వాట్సాప్ గుంపులో, ఒక పూలగుత్తి బొమ్మ కింద, ‘స్వల్ప అస్వస్థతతో పరమపదించారు’ అన్న వాక్యంగా చేరింది. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. దుఃఖం తరవాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. స్వల్ప అస్వస్థతతో ఎవరూ చనిపోరు. ఆమెకు క్లోమగ్రంథిలో క్యాన్సర్ వచ్చింది, అది కాలేయానికి పాకింది, దానితో పోయింది. మంగళవాక్యాలతో మొదలుపెట్టవలసిన చోట ఈ రోగం పేరు ఎందుకని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనివ్వండి. కారణం దాచి కబురు చెప్పడం ఆమె జీవితమంతా సహించని పని. ఆమె మరణవార్తతోనే ఆ పని మొదలుపెడితే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ఆమెను నేను ‘నువ్వు’ అనేదాన్ని. ఇప్పుడు రాతలో ‘గారు’ తగిలించి దూరం చేసుకోలేను. క్షమించేవారు క్షమిస్తారు.

ఒడిశాలోని బరంపురంలో, గోసాని నువాగాం పేటలో పుట్టింది దమయంతక్క. తాతముత్తాతలది శ్రీకాకుళం వైపు. తండ్రి రైల్వే కొలువు పట్టుకుని ఇక్కడికి వచ్చి ఇక్కడి వాడైపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఈ మూడింటినీ ఒకే నోటితో ఒకే ధాటిగా మాట్లాడేది. ఒక ప్రైవేటు విమానయాన సంస్థ భువనేశ్వర్‌లో కార్యాలయం తెరిచినప్పుడు చేరి, కౌంటరు దగ్గర చీటీలు చింపే పనినుంచి డ్యూటీ మేనేజరు దాకా ఎదిగింది. ఆ సంస్థ పేరు రాయను. రాస్తే వాళ్ళ వకీలుకి పని దొరుకుతుంది. విమానమంటే జనానికి పైలట్టు గుర్తొస్తాడు, పళ్ళెం పట్టుకుని నవ్వే అమ్మాయి గుర్తొస్తుంది. కింద, గేటు దగ్గర, మైకు పట్టుకుని తిట్లు తినే మనిషి ఎవరికీ గుర్తురాదు. ఆ తిట్లు తినడాన్ని ఒక వ్రతంలా, ఒక విద్యలా అభ్యసించిన మహామనిషి ఆమె.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు కారణం కూడా చెప్పేది. “నచ్చినోడు అడగలేదు, అడిగినోడు నచ్చలేదు. ఇంకేటైనా కావాలా?”

నేను ఆమె కింద చేరిన కొత్తలో బొంబాయి నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది. పెదవి రంగు ఏది, జడ ఎంత ఎత్తులో చుట్టాలి, నవ్వితే ఎన్ని పళ్ళు కనపడాలి అన్నవి ఆవిడ శాస్త్రం. విమానం ఆలస్యమని చెప్పేటప్పుడు నవ్వు మరికొంత విశాలంగా ఉండాలని బోధించింది. మేమందరం అద్దాల ముందు నిలబడి పళ్ళు సాధన చేస్తుంటే దమయంతక్క వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

“నువ్వు బరంపురం గుంటవి కదే?”

“అవును మేడమ్.”

“మేడమేటి, అక్కా అను. సూడు, ఆలస్యం సెప్పినప్పుడు నవ్వకు. ఎదుటోడికి కడుపు మండుతాది. అలాగని ఏడుపు మొకం కూడా పెట్టకు. నీ మొకం నీలాగ ఉంచుకో.”

శిక్షకురాలికి తెలుగు రాదు గనక బతికిపోయాం. ఆ రోజునుంచి మేమిద్దరం భువనేశ్వర్‌లో ఒకే వాటాలో ఉన్నాం. సెలవు దొరికితే ఒకే రైలెక్కి బరంపురం వచ్చేవాళ్ళం. దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్ళం. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మమ్మల్ని తోడికోడళ్ళనుకునేవారు.

ఆమె పాలించిన గేటుకి ఒక ఆచారం ఉండేది. దేశంలోని మరే గేటుకీ అది ఉన్నట్టు నేను వినలేదు. విమానం ఆలస్యమైతే, మైకు పట్టుకుని కౌంటరు వెనకనుంచి చదివి కూర్చోవడం ఆమె దగ్గర నిషిద్ధం. చెప్పే మనిషి కౌంటరు దాటి, జనం కూర్చున్న కుర్చీల మధ్యకి రావాలి. అసలు కారణం చెప్పాలి. మళ్ళీ ఎప్పుడొచ్చి చెబుతుందో చెప్పి, ఆ వేళకి తప్పకుండా రావాలి. తెలిసిందేమీ లేకపోయినా రావాలి. ఈ చివరిదే మాకు మింగుడు పడేది కాదు. చెప్పడానికేమీ లేనప్పుడు జనం ముందుకు పోయి తిట్లు తినడమెందుకని ఒకసారి గట్టిగా అడిగాను.

“కొత్త కబురు లేదనడం కూడా కబురేనే,” అంది. “నువ్వు రాకపోతే, ఆళ్లని మనం మరిసిపోనామనుకుంటారు. ఆళ్లు కుర్చీల మీద కూకున్నారనుకుంటన్నావేటి? మన మాట మీద కూకున్నారు.”

“నిజం చెప్పినందుకు నీకు జీతం ఎక్కువిస్తున్నారా అక్కా?”

“అబద్దానికి నీకిస్తన్నారేటి?”

నేను వాదనలో సులభంగా ఓడిపోయే మనిషిని కాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాను.

ఈ సత్యవ్రతం ఒక్కొక్కసారి శ్రుతి మించేది, అదీ చెప్పాలి. ఒక ఉదయం విమానం సిద్ధంగా ఉంది, జనం సిద్ధంగా ఉన్నారు, కెప్టెన్ లేడు. బస చేసిన హోటల్లో లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఆయన అందులో ఉండిపోయాడు. పై అధికారులు ‘నిర్వహణ కారణాలు’ అని చెప్పమన్నారు. దమయంతక్క కుర్చీల మధ్యకి వెళ్ళి, ఒడియాలోనూ హిందీలోనూ తెలుగులోనూ, “కెప్టెన్ గారు హోటల్లో లిఫ్టులో ఉండిపోయినారు. బాగు సేసే మనిషి ఒచ్చినాడు. కెప్టెన్ గారు బాగానే ఉన్నారు. అరగంటలో మళ్లీ ఒచ్చి సెప్తాను,” అని ప్రకటించింది. జనం నవ్వారు. కోపగించుకున్నవాడు ఒక్కడు లేడు. ఆ కెప్టెన్ టోపీ సవరించుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, “లోపల గాలాడిందా నాన్నా? నీళ్లేటైనా తాగినావా?” అని అడిగింది. ఆయన తన గౌరవానికి భంగం కలిగిందని ఫిర్యాదు చేశాడు. సంజాయిషీ అడిగితే దమయంతక్క ఇచ్చిన జవాబు మా గేటు దగ్గర చాలాకాలం చలామణీ అయింది. “లిఫ్టులో ఇరుక్కోవడం గౌరవభంగం కాదు సార్. లిఫ్టులో ఉన్నాయన్ని మబ్బుల్లో ఉన్నాడని చెప్పడం గౌరవభంగం.”

మబ్బుల మాట ఊరికే రాలేదు. విమాన సంస్థల్లో పనిచేసినవాళ్ళందరికీ తెలిసిన ఒక రహస్యం చెబుతాను. తప్పు సంస్థది అయితే ప్రయాణికులకు భోజనం పెట్టాలి, బస చూపించాలి, తిట్లు తినాలి. తప్పు వాతావరణానిదైతే ఆ బాధ్యత చాలావరకు తప్పిపోతుంది. ఆకాశం మీద ఎవరు ఫిర్యాదు రాస్తారు? అందుచేత నిర్మలమైన ఆకాశం కింద కూర్చుని వాతావరణాన్ని నిందించడం మా సంస్థలో ఒక కళగా వర్ధిల్లింది. ఆమె తన ఉద్యోగాన్ని, పరువుని, అంతకన్న ముఖ్యంగా తన మైకుని పణంగా పెట్టింది ఆ కళ ఎదుటే.

ఆ ఏడు బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, ముగిసింది. యాత్రకని ఊరొచ్చిన మన గంజాం జిల్లా కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాలకి తిరుగు ప్రయాణమయ్యారు. రైలులో చోటు దొరక్క, చాలామంది మొదటిసారి విమానమెక్కడానికి భువనేశ్వర్‌లో మా గేటుకి వచ్చారు. కొత్త చొక్కాలు, చేతుల్లో ఎండుచేపల డబ్బాలు, మొహాల్లో ఎవరినీ ఏమీ అడగకూడదన్న బెరుకు. మర్నాటి పొద్దుటి షిఫ్టుకి మగ్గం దగ్గర లేకపోతే యజమాని ఆ మగ్గం మీద ఇంకొకడిని పెడతాడు. ఆ సంగతి సూరత్‌లో తమ్ముడున్న దమయంతక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు మాధవ అక్కడ ఒక మిల్లులో గుమాస్తా.

మధ్యాహ్నం పూట, పైలట్ల పని గంటలు చట్టం అనుమతించిన మేరకు అయిపోయాయి. వాళ్ళ బదులు ఎక్కడానికి వేరే పైలట్లు లేరు. తక్కువ మందితో ఎక్కువ విమానాలు నడపడమే పొదుపని మా సంస్థ అప్పట్లో నమ్మేది. ఇక ఆ రోజు ఆ విమానం ఎగరదు. ప్రాంతీయాధికారి ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఫోను దాటి పక్కనున్న నాకు కూడా వినిపించింది.

“వాతావరణం అని చెప్పండి. వేచి ఉండమనండి.”

“సార్, ఇక్కడ ఎండ కాస్తోంది.”

“సూరత్‌లో వాతావరణం.”

“సూరత్‌లో మా తమ్ముడున్నాడు సార్. ఇప్పుడే అడిగాను. మేడ మీద బట్టలారేశాడట.”

“దమయంతీ, మీరు వాతావరణ శాఖలో పనిచేస్తున్నారా, మన సంస్థలోనా?”

“మన సంస్థలోనే సార్. అందుకే మన తప్పు మనదని చెబుతాను.”

ఫోను పెట్టేసి నావైపు చూసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. “అక్కా, వాతావరణం అనెయ్యి. నీ సొమ్మేం పోయింది? ఈయన నిన్ను వదిలిపెట్టడు.”

“ఉండమంటే ఈళ్లు ఉండిపోతారే. సాయంత్రం దాకా ఆశతో కూకుంటారు. ఆడ మగ్గం పోతాది. ఎగరదని ఇప్పుడు సెప్తే ఏదో దారి సూసుకుంటారు. దారి సూసుకోడానికి టయం ఇవ్వకపోతే అది అబద్దం ఒక్కటే కాదు, దొంగతనం.”

కౌంటరు దాటి వెళ్ళింది. సగం ఒడియా, సగం మన తెలుగు. పైలట్లు ఇంకా నడిపితే చట్టవిరుద్ధమని, వేరే పైలట్లని పెట్టుకోకపోవడం సంస్థ లోపమని, ఆకాశానికి ఏ పాపమూ తెలియదని చెప్పింది. ఒకడు లేచి ఒడియాలో బూతు తిట్టాడు. “తిట్టు భాయీ, నానెక్కడికీ ఎల్లను,” అని అక్కడే నిలబడింది. అప్పుడు సోనేపూర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, నెరిసిన మీసాల మనిషి, ముందుకు వచ్చాడు. ఆ కుర్రాళ్ళని మగ్గాల్లో కుదిర్చింది ఆయనే.

“అమ్మా, ఒక్క మాట సెప్పు. ఇయ్యాల ఎగుర్తాదా, ఎగరదా?”

“ఎగరదు నాన్నా. రేపు పొద్దున్న.”

“మరి ముందే సెప్పొచ్చు కదేటి?”

“ఇప్పుడే తెలిసింది. తెలిసిన ఎంటనే ఒచ్చినాను.”

ఆయన జేబులోంచి ఫోను తీసి, మగ్గాల యజమానికి కలిపి, ఆ ఫోను ఆమె చేతిలో పెట్టాడు. “నాను సెప్తే నమ్మడు. నువ్వు సెప్పు.” ఒక విమాన సంస్థ డ్యూటీ మేనేజరు, ముఖం తెలియని సూరత్ షావుకారుతో హిందీలో, “ఆలస్యం మీ పనివాళ్ళది కాదు, మాది. రేపు మధ్యాహ్నానికి మీ ఎదుట ఉంటారు, మగ్గాలు తియ్యకండి,” అని చెప్పింది. తరవాత ఇంకో ఫోను, ఇంకో షావుకారు. సాయంత్రం దాకా ఆమె చేసిన పని అదే. అందరి మగ్గాలూ దక్కాయని చెప్పను. ఒకరిద్దరివి పోయాయని మేస్త్రీయే తరవాత చెప్పాడు. తక్కినవి దక్కాయి. ఆ రాత్రి వాళ్ళకు భోజనం, బస సంస్థే పెట్టింది. ‘వాతావరణం’ అన్న మాట ఎవరి నోటా రాలేదు గనక పెట్టక తప్పలేదు.

సంస్థ ఊరుకోలేదు. మైకు తీసేసుకున్నారు. సంస్థను బజారుకీడ్చిందని, క్రమశిక్షణ లేదని చెప్పి, దారి తప్పిన సామాను గదికి పంపారు. కిటికీ లేని గది. ఏ ఊళ్ళోనో దిగిపోయిన పెట్టెలు, యజమానుల కోసం వేచి ఉండే పెట్టెలు. ఆమెకు ఇక జనం కనపడరనుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. రాజీనామా పారేసి రమ్మన్నాను. సంతకాలు సేకరిస్తానన్నాను. “ఒద్దు. పెట్టెలకీ మనుసులున్నారు కదే,” అంది. ఇక్కడే ఆమెతో నాకు ఎప్పటికీ పొసగలేదు. ‘మనమంతా ఒక కుటుంబం’ అని గోడలమీద రాసుకున్న సంస్థ అది. మా ఇంట్లో నన్నెవరూ గుర్తింపు కార్డు అడగరు, ముఖం మీద చిరునవ్వు లేదని మెమో ఇవ్వరు అని నేను వెటకారం చేసేదాన్ని. ఆమె మాత్రం ఆ గోడమీది వాక్యాన్ని నిజంగా నమ్మింది. కుటుంబంలో ఒకరు అబద్ధమాడితే ఇంకొకరు సరిదిద్దాలి కదా అనేది. ఆ నమ్మకానికి ఆ సంస్థ అర్హమైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ గదిలోంచి కూడా ఆమె కౌంటరు దాటింది. పెట్టె పోగొట్టుకున్న ప్రతి మనిషికీ సాయంత్రంపూట తనే ఫోను చేసేది. “నిన్నట్లాగే, ఇంకా దొరకలేదు. రేపు మళ్లీ సేస్తాను.” దొరకలేదని చెప్పడానికి రోజూ ఫోనేమిటని కొందరు విసుక్కున్నారు. గోపాల్‌పూర్‌లో ఒక చేపలవ్యాపారం చేసుకునే ఆవిడ, కూతురికని పంపిన ఎండుచేపల డబ్బా పోగొట్టుకుంది. ఆవిడ మొదట్లో శాపనార్థాలు పెట్టింది. కొన్నాళ్ళకి వంట సంగతులు, మోకాళ్ళ నొప్పులు చెప్పడం మొదలెట్టింది. చివరికి ఆ డబ్బా ఎక్కడో దూరపు విమానాశ్రయంలో దొరికింది. వెతకడం వల్ల కాదు, అక్కడివాళ్ళు వాసన భరించలేక గగ్గోలు పెట్టడం వల్ల. ఆ కబురు చెప్పడానికి ఫోను చేస్తే ఆవిడ అంది: “సేపలు పోతే పోనీ తల్లీ. దొరికినాయని సెప్పి నువ్వు ఫోను మానీకు.” ఈ మాట చెప్పి దమయంతక్క పడీపడీ నవ్విన రోజు నాకు గుర్తుంది. మైకు పోయిన తరవాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఉద్యోగ విరమణ నాడు ఒక జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద ఆమె పేరు తప్పు. ఆమె దాన్ని గోసాని నువాగాం ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టుకుంది. ఊరికి తిరిగొచ్చినా అలవాటు మానలేదు. అలవాటు మానని మనుషులు పక్కవాళ్ళకి భారమే, దాన్నీ దాచను. మా బంధువుల పెళ్ళిలో భోజనాలు ఆలస్యమైతే, ఈమె పందిట్లో కుర్చీల మధ్యకి వెళ్ళి నిలబడి, “సాంబారు అడుగంటింది. మళ్లీ పెడతన్నారు. ముప్పావుగంట పడతాది. పిల్లలకి పెరుగన్నం ఇటుపక్క పెట్టిస్తన్నాను,” అని ప్రకటించింది. పిల్లల తల్లులు దీవించారు. పెళ్ళికూతురి తండ్రి ఆ తరవాత ఆమెతో మాట్లాడలేదు. నేను కూడా ఆ రోజు ఆయన పక్షమే. మొన్న అంత్యక్రియలకి ఆయన వచ్చి, వీధి చివర ఒక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె రోగం సంగతి. కడుపునొప్పి అని మొదలైంది. ఆసుపత్రిలో పరీక్షలు అయ్యాక డాక్టరు, సూరత్ నుంచి వచ్చిన మాధవని నడవలోకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడాడు. మన దగ్గర మర్యాద అది. రోగం ఒకరిది, కబురు ఇంకొకరిది. మాధవ మొహం కడుక్కుని లోపలికి వచ్చాడు. వెనకే డాక్టరు వచ్చి, కొంచెం ఇన్ఫెక్షన్ ఉందమ్మా, తగ్గిపోతుంది అన్నాడు. దమయంతక్క లేచి కూర్చుని, దిండు సర్దుకుని, ఆయన్ని చూసింది.

“డాక్టరు బాబూ, వాతావరణం సెప్పకండి. ఏటయిందో సెప్పండి.”

ఆయనకి అర్థం కాలేదు. నాకూ మాధవకీ అర్థమైంది. మాధవ కిటికీ వైపు తిరిగాడు. నేను ఆ డాక్టరుకి విషయం విడమరిచి చెప్పాను, నాకు చేతనైనంత కటువుగానే. ఆయన కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె అంతా విని, అడిగింది ఒక్కటే: “మళ్లీ ఎప్పుడొచ్చి సెప్తారు?” ఆ రోజునుంచి ఆయన ప్రతి సాయంత్రం వచ్చేవాడు. కొత్తగా చెప్పడానికి లేనినాడు, లేదని చెప్పి వెళ్ళేవాడు. చివరి రోజుల్లో ఆమె ఎదురుచూసింది మందుల కోసం కాదు, ఆ రాక కోసం.

ఇక ఆ రోజు. తెల్లవారుజామున పోయింది. ఆ వాట్సాప్ వాక్యం చూసిన వెంటనే నేను వాళ్ళింటికి వెళ్ళాను. మాధవ అప్పటికి ఉద్యోగానికని తిరిగి సూరత్ వెళ్ళి ఉన్నాడు. తలకొరివి పెట్టవలసినవాడు అతనే. మధ్యాహ్నం విమానానికి బయల్దేరుతున్నానన్నాడు, ఆమె పనిచేసిన ఆ సంస్థ విమానానికే. వీధంతా జనం. ఎండలో ముసలివాళ్ళు. శవం లేచేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టని ఆడవాళ్ళు. మాధవ గేటు దగ్గరనుంచి ఫోను చేశాడు. “ఏవో నిర్వహణ కారణాలంటన్నారక్కా. ఏటన్నది సెప్పరు. ఉండమంటన్నారు.”

భువనేశ్వర్‌లో ఇంకా పనిచేస్తున్న బిజయకి ఫోను చేశాను. ఒకప్పుడు దమయంతక్క దగ్గరే పని నేర్చుకున్న ఒడియా పిల్ల. ఆమె లోపల కనుక్కుని నిజం చెప్పింది. ఆ విమానం అంతకుముందు ఆగిన ఊళ్ళోనే మరమ్మతులో ఉంది, సూరత్ రానే రాలేదు, ఇవాళ ఇక ఎగరదు, ఇంకా ప్రకటించలేదు. రేపు పొద్దున్న మొదటి విమానంలో మాధవకి చోటు తనే చూస్తానంది.

ఆ వీధికి పెద్ద నారాయణ మావయ్య. ఆయనకి చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు. “జనం సెదిరిపోతారమ్మా. దారిలో ఉన్నాడు, దగ్గరకొచ్చీసాడని సెప్పీ. పొద్దు వాలేదాకా సూద్దాం. రాకపోతే మనమే ఎత్తీద్దాం.”

“మావయ్యా, వాడు అక్క మొహం చూడాలి కదా.”

“సూడాలనే ఉంది. ఏటి సేస్తాం?”

అరుగుమీద నిలబడి వీధిలోకి చూశాను. అంతమందిలో ఒక నెరిసిన మీసం కనిపించింది. సోనేపూర్ మేస్త్రీ. ఎవరు చెప్పారో, ఎలా వచ్చాడో. ఎండలో తలమీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

“అమ్మా, ఒక్క మాట సెప్పు. తమ్ముడు ఇయ్యాల ఒస్తాడా, రాడా?”

నేను అరుగు దిగాను. అరుగు మీదనుంచే చెప్పొచ్చు, అందరికీ వినపడుతుంది. కాని కాళ్ళు వాటంతటవే దిగాయి. జనం మధ్యకి వెళ్ళి నిలబడి చెప్పాను. “రాడు. విమానం చెడిపోయింది, ఇవాళ ఎగరదు. చోటు దొరికితే రేపు పొద్దున్న విమానంలో వస్తాడు, ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. అక్కని రేపటిదాకా ఉంచాలా వద్దా అన్నది మీరు పెద్దలు చెప్పండి. మళ్ళీ అయిదింటికి వచ్చి మాట్లాడతాను.”

ఎవరూ చెదిరిపోలేదు. చెయ్యవలసిన పనులు వాటంతటవే మొదలయ్యాయి. నారాయణ మావయ్య నన్నొకసారి కోపంగా చూసి, తరవాత ఐసు పెట్టెకోసం మనిషిని తనే పంపాడు. దుకాణం మూయకముందే అది వచ్చింది. ముసలివాళ్ళని ఇళ్ళకి పంపారు. పక్కింటివాళ్ళు పిల్లలకి అన్నాలు పెట్టారు. మధ్యాహ్నం మాధవ ఫోనులో ఏడ్చాడు. “ఉంచినారా అక్కా?” “ఉంచాం. నిదానంగా రా.” అప్పటికి సూరత్‌లో వాళ్ళకింకా ‘నిర్వహణ కారణాలే’ చెబుతున్నారు.

అయిదింటికి మళ్ళీ వీధిలోకి వచ్చాను. జనం పలచబడ్డారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ క్షణంలో, ఏమీ లేదని చెప్పడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో నాకు మొదటిసారి తెలిసింది. ఆమె దాన్ని నిత్యం, అపరిచితుల ముందు, జీతానికి చేసింది.

“కొత్త కబురేమీ లేదు,” అన్నాను. “పొద్దున్న విమానంలో చోటు దొరికిందీ లేనిదీ ఇంకా తెలియలేదు. ఎనిమిదింటికి మళ్ళీ చెబుతాను.”

మేస్త్రీ అక్కడే కూర్చుని ఉన్నాడు. “సరేనమ్మా,” అని తల ఊపాడు. “సెప్పినావు, సాలు.”

మర్నాడు మాధవ వచ్చాడు. అక్క మొహం చూశాడు. తక్కింది శాస్త్రోక్తంగా జరిగింది.

ఇప్పుడు ఆ గేటు దగ్గర ఒక తెర ఉంది. ఆలస్యమైతే ఎర్ర అక్షరాలు వస్తాయి, కారణం రాదు. తెర ముందు నిలబడి జనం దాన్నే అడుగుతుంటారు. నిష్కపటమైన ఆ వాక్కు, నిందకు వెనుదీయని ఆ ధైర్యం, అపరిచితుడి నిరీక్షణను తన బాధ్యతగా మోసిన ఆ ఔదార్యం మాలో మరొకరికి సంక్రమించాయని చెప్పగలిగితే బాగుండును. ఆమెకు నా నమస్కారాలు అర్పిస్తూ అబద్ధమాడలేను.

దమయంతక్క వెళ్ళిపోయింది. కారణం మొదటే చెప్పాను. ఆమె చోటులోకి ఎవరొస్తారో నాకు తెలియదు. తెలియదన్న ఆ ఒక్క మాట మీకు చెప్పడానికే కౌంటరు దాటి వచ్చి ఇక్కడ నిలబడ్డాను.